బ్రేకు ఆయిలు – నూనె కాని నూనె

నేడు నేను ముచ్చటింపబూనినది మోటారు సైకిలు బ్రేకునందు పోయు ద్రవమును గూర్చి. ఇది మెకానికులకు దెలియవలసిన సంగతి గాని మనకేల యని మీలో గొంద రనుకొనవచ్చును. కాని యోచింపుడు. నేడు పల్లెలో మోటారు సైకిలు లేని యిల్లు అరుదు. కాజీపేట స్టేషనులో రైలెక్కవలసినను, వరంగల్లు మార్కెట్టునకు బత్తి ధర కనుగొన బోవలసినను, హనుమకొండ ఆసుపత్రికి రోగిని గొనిపోవలసినను అదియే మనకు వాహనము. నడపువాడు కుమారుడో మనుమడో కావచ్చును. వెనుక గూర్చుండువారు మాత్రము తరచుగా మీరే. ఆ బండిని నిలుపునది చేతి మీటయు దాని వెనుకనున్న గిద్దెడైన నుండని ద్రవమును. ఆ ద్రవమునకు బదులుగా మరియొకటి పోసిన నేమగునో తెలిసియుండుట ఇంటి పెద్దకు విధియే యని నా మనవి.

మొదట బ్రేకు పని చేయు రీతిని జెప్పెదను. పాత బండ్లలో, అనగా రాజ్‌దూతు, జావా మొదలగువానిలో, బ్రేకు మీటకును చక్రమునకును నడుమ ఇనుప తీగయో కడ్డీయో యుండెడిది. మీట లాగినచో తీగ లాగబడును. డ్రమ్ములోపలి చెప్పులు విచ్చుకొని డ్రమ్మును ఒరయును. ఆ తీగ బిగుసుకొన్నచో ఒక చుక్క నూనె వేసిన చాలు, మరల సులువుగా కదలును. ఆ కాలమునందు బండికి ఎక్కడ నూనె వేసినను మేలేగాని కీడు లేదను నమ్మకము మనవారికి గలిగినది. నేటి పొరపాటునకు బీజ మిదియే.

నేటి బండ్లలో పెక్కింట ముందు చక్రమునకు డ్రమ్మునకు బదులు ఉక్కు పళ్లెము, అనగా డిస్కు, ఉన్నది. మీటకును డిస్కునకును నడుమ తీగ లేదు. ద్రవము నిండిన గొట్టము గలదు. కుడిచేతి మీట చెంత మూతగల యొక చిన్న డబ్బీని మీరు చూచియుందురు. దాని క్రిందనున్నది మాస్టరు సిలిండరు. చక్రము కడ డిస్కును రెండు వైపుల పట్టుకొనియుండు దిమ్మె కాలిపరు. మీట నొక్కినపుడు మాస్టరు సిలిండరులోని చిన్న పిస్టను ద్రవమును నెట్టును. ఆ ఒత్తిడి గొట్టము వెంట బోయి కాలిపరులోని పెద్ద పిస్టనును నెట్టును. అది బ్రేకు ప్యాడులను డిస్కున కదుమును.

ఇందులోని కిటుకు ఫ్రాన్సు దేశీయుడగు పాస్కలు అను పండితుడు 17వ శతాబ్దమున కనుగొన్న సూత్రము. మూసియున్న ద్రవమును ఒకచోట నొక్కినచో ఆ యొత్తిడి అన్ని దిక్కులకును సమముగా ప్రాకును. పశువుల డాక్టరు వాడు సూదిమందు గొట్టములు రెండింటిని, ఒకటి చిన్నది ఒకటి పెద్దది, నీటితో నింపి సన్నని రబ్బరు గొట్టముతో కలిపి చూడుడు. చిన్నదాని కాడను బొటనవ్రేలితో నొక్కినచో పెద్దదాని కాడ అంతకంటె బలముగా పైకి లేచును. పెద్దదాని వైశాల్యము చిన్నదానికి నాలుగింతలైనచో బలము నాలుగింతలగును. కదలిక మాత్రము నాలుగవ వంతే యగును. వ్రేళ్ల బలముతో మూడు మణుగుల బస్తా వంటి మనిషిని, బండిని గూడ నిలుపగలుగుట యీ లెక్కవలననే.

ఈ లెక్క సాగవలెనన్న ద్రవము అణగరాదు. నీరు, నూనె, బ్రేకు ద్రవము – ఇవన్నియు నొక్కిన నణగవు. గాలి, ఆవిరి యణగును. సైకిలు పంపు నోరు మూసి కాడ నొక్కినచో లోపలి గాలి యణగి కాడ సగము వరకు దిగుట మీకు దెలియును. బ్రేకు గొట్టములో బుడగ యొకటి చేరినను ఇట్లే యగును. మీట దిగును, ప్యాడు కదలదు. ఈ మాట గుర్తుంచుకొనుడు, మరల దీనితో పని గలదు.

మోటారు కార్లకు ద్రవపు బ్రేకులను ప్రచారమునకు దెచ్చినవాడు అమెరికాలోని మాల్కం లాక్‌హీడు. 1921లో డ్యూసెన్‌బర్గు కారునకు నాలుగు చక్రములకును ఇట్టి బ్రేకు లమర్చిరి. విస్తారముగా తయారైన మోటారు సైకిలునకు ముందు చక్రమున ద్రవపు డిస్కు బ్రేకును తెచ్చినది జపానువారి హోండా సి.బి. 750; అది 1969 నాటి మాట. మన దేశమున ఈ శతాబ్దారంభము నుండి ఇవి పల్లెలకు వ్యాపించినవి. 2019 ఏప్రిల్ 1 నుండి 125 సి.సి.కి మించిన ఇంజను గల ద్విచక్ర వాహనములన్నింటికిని చక్రము బిగిసిపోకుండ కాపాడు ఏ.బి.ఎస్. అను ఏర్పాటు విధింపబడినది. ఆ ఏర్పాటునందు ఈ ద్రవమే సూక్ష్మములైన కవాటముల గుండ బోవుచుండును.

కాజీపేట వారికి బ్రేకు మాట క్రొత్తది గాదు. 1889లో బెజవాడ దాక రైలు మార్గము పూర్తియైన నాటి నుండియు, 1929లో బలార్షా మార్గము కలసి ఢిల్లీ మద్రాసులకు నడుమ తిన్నని త్రోవ యేర్పడిన నాటి నుండియు ఈ జంక్షనున బ్రేకులు పరీక్షించువారు లేని దినము లేదు. రైలు బ్రేకునకు గాలి సాధనము. జార్జి వెస్టింగ్‌హౌసు 1869లో గాలి బ్రేకును కనిపెట్టి, 1872లో దానిని మరింత బాగుచేసెను. ఆ బాగుచేయుటలోని బుద్ధి మెచ్చదగినది. బండి పొడవునను ఒక గొట్టములో గాలి ఒత్తిడి నిలిచియుండును; మన దేశపు రైళ్లలో అది చదరపు సెంటీమీటరునకు 5 కిలోగ్రాములు. ఆ ఒత్తిడి తగ్గినచో బ్రేకు పడును. గొట్టము తెగినను, పెట్టెలు విడిపోయినను గాలి పోవును. గాలి పోయినచో బండి తనంత నిలుచును. చెడినను ప్రాణము గాచు ఏర్పాటది.

మోటారు సైకిలు బ్రేకు దీనికి సరిగా తలక్రిందులు. ఇక్కడ ద్రవము పోయినచో బ్రేకు పోయినట్లే. బండి తనంత నిలువదు. గొట్టములోని ద్రవము నిండుగ, శుద్ధముగ, తగినదిగ నున్నంత కాలమే మీట మాట చక్రము వినును. కావున రైలునందు వందలమంది కొరకు తీసికొను జాగ్రత్తలో పదవ వంతైనను ఇంటిముందరి బండి విషయమున తీసికొనుట న్యాయము.

ఇక ఆ ద్రవమేమి? మనవారు దానిని బ్రేకు ఆయిలు అందురు. దుకాణదారుడును అదే యనును. కాని అది నూనె గాదు. గ్లైకాలు ఈథరులను రసాయన ద్రవ్యముల మిశ్రమమది. నూనె నీటిలో కలియదు, ఇది కలియును. నూనె రంగును కాపాడును, ఇది పెట్రోలు ట్యాంకుపై బడినచో రంగును లేపివేయును. పేరున నూనె, స్వభావమున నూనెకు పగవాడు. మొదటి చిక్కు ఈ పేరులోనే యున్నది.

ఒకప్పుడీ పేరు కొంతవరకు సరియే. తొలినాటి కార్ల బ్రేకులలో ఆముదమును సారాయి జాతి ద్రవములతో కలిపి పోసెడివారు. ఆముదము తక్కిన నూనెల వలె నాటి సహజ రబ్బరును అంతగా చెరుపదు. కాని యది చలికి చిక్కబడును. సారాయి జాతి ద్రవము కొద్ది వేడికే మరుగును. బండ్ల వేగము హెచ్చినకొలది ఆ మిశ్రమము చాలక, గ్లైకాలు ద్రవములు వచ్చినవి. రబ్బరును మారినది. ఇంట గానుగ ఆముదమున్నది గదా, పూర్వము పనికి వచ్చినది గదా యని నేటి బ్రేకులో పోయరాదు.

ఇప్పుడు తప్పు ద్రవము పోసిన నేమగునో చెప్పెదను. పల్లెలలో తరచుగా జరుగునది ఇంజను ఆయిలు పోయుట. రెండవది ట్రాక్టరు ఆయిలు. మీ డబ్బీ మూత మీద హైడ్రాలిక్ అను మాట వ్రాసియుండక పోయినను, ఈ బ్రేకును హైడ్రాలిక్ బ్రేకని అందరు ననుటచే, ట్రాక్టరు లిఫ్టునకు కొనిపెట్టిన హైడ్రాలిక్ ఆయిలు దీనికిని చెల్లునని చదువుకొన్న కుర్రవాడు సైతము తలచును. హైడ్రాలిక్ అనగా ద్రవపు ఒత్తిడితో పనిచేయునది యని మాత్రమే యర్థము. ఏ ద్రవమో ఆ మాట చెప్పదు. ఇంజను ఆయిలు, ట్రాక్టరు హైడ్రాలిక్ ఆయిలు – రెండును భూమినుండి తీసిన ఖనిజ తైలములు.

కాజీపేటలో ఒక మెకానికు కడ నేను చూచిన బండి నొకదానిని చెప్పెదను. చుట్టుపట్ల పల్లెకు చెందిన యొక రైతుది. డబ్బీలో ద్రవము తగ్గినదని చూచి ఇంటనున్న ట్రాక్టరు ఆయిలు పోసికొనినాడు. మొదటి దినమున బ్రేకు బాగుగనే పనిచేసినది. రెండు దినములు గడచినవి. మూడవ నాడు వరంగల్లు నుండి తిరిగి వచ్చుచుండగా బండి బరువుగా లాగుటయు, ముందు చక్రము కడ కాలిన వాసన వచ్చుటయు గనిపెట్టి, భార్యను దింపి, బండిని త్రోయబోయినాడు. చక్రము తిరుగలేదు. డిస్కు నీలిరంగు దిరిగియున్నది. అతడు మెల్లగా నడపువాడు గనుక సరిపోయినది. అదే గ్రేనైటు లారీల నడుమ వేగముగా బోవునపుడు ముందు చక్రము బిగిసియుండినచో ఇరువురును రోడ్డున పడియుండెడివారు.

మెకానికు సిలిండరు విప్పి, లోపలి రబ్బరు గిన్నెను తీసి, క్రొత్తదాని ప్రక్కన పెట్టి చూపెను. రాత్రి నానబెట్టిన సెనగకును ఎండు సెనగకును ఎంత భేదముండునో వానికంత భేదము. గోటితో నొక్కిన గుర్తు పడునంత మెత్తనైనది.

దీనికి కారణము విచారింతము. బ్రేకులోని వాషర్లు ఇ.పి.డి.ఎం. అను ఒక జాతి రబ్బరుతోను, అట్టి మరికొన్ని జాతుల రబ్బరులతోను చేయుదురు. ఈ రబ్బరును ఖనిజ తైలమును రసాయన ధర్మమున దగ్గరి చుట్టములు. చుట్టము ఇంటిలో చొరబడినట్లు తైలము రబ్బరులోనికి చొచ్చి దానిని ఉబ్బించును. సైకిలు ట్యూబు ముక్కను పెట్రోలులో నానవేసినచో ఎట్లు సాగి మెత్తబడునో మీరెరుగుదురు. గ్లైకాలు ద్రవము ఈ రబ్బరునకు పరాయిది, దానిలో చొరబడదు. ఇంజనులో వాడు సీళ్లు వేరు జాతి రబ్బరు. అవి ఇంజను ఆయిలునకు చెడవు, బ్రేకు ద్రవమునకు చెడును. ఏ రబ్బరునకు ఏ ద్రవమని చేసిన కట్టుబాటును మనము దాటరాదు.

ఉబ్బిన రబ్బరు చక్రమునెట్లు బిగించినదందురా? మాస్టరు సిలిండరునకును డబ్బీకిని నడుమ సూదిబెజ్జము వంటి సన్నని రంధ్రము గలదు. మీట వదలినపుడు ద్రవమా రంధ్రము గుండ డబ్బీకి మరలును. రబ్బరు గిన్నె ఉబ్బినచో దాని అంచు ఆ రంధ్రమును మూయును. వెనుకకు పోవు దారి మూసికొన్నది. ప్యాడు డిస్కును ఒరయుచునే యుండును. ఒరసిన వేడి పుట్టును. వేడికి ద్రవము వ్యాకోచించును. వ్యాకోచించిన ద్రవమునకు పోవు చోటు లేక ప్యాడును మరింత నొక్కును. దానివలన మరింత వేడి. ఈ విధముగ ఒకదాని నొకటి పెంచుకొని కడకు చక్రము బిగిసిపోవును. కాలిపరులోని రబ్బరు వలయము పిస్టనును కొంచెము వెనుకకు లాగవలసినది. అదియు ఉబ్బి పిస్టనును పట్టుకొని వదలదు.

ఇది మొదటి దశ. అప్పటికిని మేలుకొననిచో రెండవ దశ వచ్చును. మెత్తబడిన రబ్బరు చిరిగి ద్రవము కారిపోవును. అప్పుడు మీట నొక్కినచో హాండిలు దాక దిగును, బండి మాత్రము నిలువదు. మొదట విడువని బ్రేకు, పిదప పట్టని బ్రేకు. పోసిన దినముననే కీడు కనబడినచో ఎవరును మరల పోయరు. రెండు మూడు దినములు బాగుగ నుండుటయే ఇందలి మోసము.

ఇక నీరు. డబ్బీలో తగ్గినది గదా, నీరు అణగదు గదా యని గ్రుక్కెడు నీరు పోయువారును గలరు. నీరు రబ్బరును చెరుపదు. ఒత్తిడిని బాగుగనే చేరవేయును. కాని బ్రేకునకు కావలసిన మరియొక గుణము నీటికి లేదు. అది వేడికి తాళదు.

ఎంత వేడి పుట్టునో లెక్క చూడుడు. బండియు, ఇరువురు మనుష్యులును గలసి 290 కిలోగ్రాములనుకొందము. గంటకు 60 కిలోమీటర్ల వేగమున బోవుచున్న ఆ బండిని ఒక్కసారి నిలిపినచో పుట్టు వేడి సుమారు 120 మిల్లీలీటర్ల చల్లని నీటిని, అనగా ఒక కప్పు చాయ కంటె కొంచె మెక్కువ నీటిని, మరగించుటకు చాలును. ఎదుట బర్రె వచ్చినదని ఒకసారి, వేగ నిరోధకమున్నదని ఒకసారి, లారీ అడ్డమైనదని మరొకసారి వెంట వెంట నిలిపినచో ఆ వేడి అంతయు డిస్కునకును ప్యాడులకును చేరి, వానినుండి కాలిపరులోని ద్రవమునకు ప్రాకును. నీరు 100 డిగ్రీల సెంటిగ్రేడునకు ఆవిరియగును. ఆవిరి యణగునని ముందే చెప్పితిని. మీట దిగును, బ్రేకు పడదు. బండి చల్లబడిన పిదప మరల బాగుగనే యుండును. అందుచే మెకానికు చూచి దోషమేమియు లేదనును. నీరు లోపలి ఇనుము, అల్యూమినియములను తుప్పు పట్టించునది వేరొక కీడు.

మంచి బ్రేకు ద్రవమునకును ఈ విషయమున ఒక లోపమున్నది. అది గాలిలోని తేమను పీల్చుకొనును. ఉప్పు జాడీ మూత తీసియుంచిన వానకాలమున చెమ్మగిల్లినట్లే ఇదియు. గొట్టపు రబ్బరు గుండ సైతము ఏండ్లు గడచినకొలది తేమ చేరును. అందుచేతనే ఈ ద్రవములకు రెండు మరుగు స్థానములు నిర్ణయించిరి: ఒకటి తేమ లేనపుడు, రెండవది సుమారు నూటికి 3.7 పాళ్ల నీరు చేరినపుడు. అమెరికా రవాణా శాఖ పేరులోని మొదటి యక్షరములతో ఏర్పడిన డాట్ అను గుర్తును, దాని ప్రక్క అంకెను మీ డబ్బీ మూతపై చూడవచ్చును. డాట్ 3 ద్రవము తేమ లేనపుడు 205 డిగ్రీలకు తక్కువ కాకుండను, తేమ చేరినపుడు 140 డిగ్రీలకు తక్కువ కాకుండను మరుగవలెను. డాట్ 4నకు ఆ లెక్కలు 230, 155. డాట్ 5.1నకు 260, 180. నూటికి నాలుగు పాళ్లకు లోబడిన నీరు చేరినంతనే మరుగు స్థానము ఎంత పడిపోయినదో ఈ అంకెలే చెప్పుచున్నవి.

ఇక్కడ పేరువలన గలుగు మరియొక చిక్కు. డాట్ 5 అనునది యొకటి, డాట్ 5.1 అనునది వేరొకటి. 5.1 గ్లైకాలు జాతి. 3, 4 లతో కలియును. ఉత్త 5 సిలికోను జాతి, ఊదారంగున నుండును, తక్కినవానితో కలియదు. అంకె పెద్దది గనుక మేలైనదని తలచి 4 ఉండవలసిన బండిలో 5 పోసినచో రెండును కలియక విడివిడిగ నుండును. సిలికోను ద్రవము తేమను పీల్చదు. కావున చేరిన నీరు బొట్లుగ క్రిందికి దిగి ఒకచోట నిలిచి తుప్పు పట్టించును. దానిలో చిన్న బుడగలు సులభముగ చిక్కుకొనును. ఏ.బి.ఎస్. బండ్లకు సాధారణముగ అది తగదు. కావున పెద్ద అంకెను జూచి మోసపోక మూతపై నేమి వ్రాసియున్నదో దానినే పోయవలెను.

దీనికి తలక్రిందైన వాహనములును లోకమున గలవు. ఫ్రాన్సులోని సిత్రోయెను కంపెనీవారు 1966 నుండి తమ కొన్ని కార్లలో ఆకుపచ్చని ఖనిజ తైలమునే వాడిరి. కొన్ని విలువగల సైకిళ్ల డిస్కు బ్రేకులలో నేటికిని ఖనిజ తైలమే పోయుదురు. వానిలోని రబ్బరు వేరు. వానిలో మన డాట్ 4 పోసినచో అవియు ఇట్లే చెడును. కావున మంచి ద్రవము, చెడు ద్రవము అని లేదు. తగినది, తగనిది అని మాత్రమే గలదు.

సీసాపై కాగితము చెరిగి, లోన నున్నది బ్రేకు ద్రవమో నూనెయో తెలియనపుడు ఇంటనే చేయదగిన పరీక్ష యొకటి చెప్పెదను. పారవేయదగిన గాజు సీసాలో నీరు పోసి, అందులో కొన్ని చుక్కలు వేసి కదపుడు. గ్లైకాలు ద్రవము నీటిలో కలిసిపోవును. నూనె పైన తెట్టువలె తేలును. తేలినదానిని మీ బండి బ్రేకులో పోయకుడు. కలిసినంత మాత్రమున అది తగినదని మాత్రము తలపవలదు. తేమ పట్టిన పాత ద్రవమును కలియును. తెలియని సీసాను పారవేయుటయే మేలు. ఈ ద్రవము విషము. తాగు లోటాలో పరీక్షింపవలదు. పిల్లలకు, పశువులకు, కుక్కలకు అందనీయవలదు. చేతికంటినచో సబ్బుతో కడుగుకొనవలెను.

పొరపాటున నూనె పోసిన నేమి చేయవలెను? పోసినంతనే తెలిసినచో మీట నొక్కకుడు, బండి కదపకుడు. మెకానికును పిలిపించి డబ్బీలోనిది తోడించుడు. మీట నొక్కినచో, లేదా బండి నడచినచో, తోడి క్రొత్తది పోయుట చాలదు. నూనె అన్ని చోట్లకును ప్రాకినది. మాస్టరు సిలిండరు, కాలిపరు విప్పి, లోహపు భాగములను శుద్ధిచేసి, రబ్బరు వాషర్లను, గొట్టమును, డబ్బీ మూతక్రింది రబ్బరు పొరను గూడ క్రొత్తవి వేయవలెను. ఒక్క ఉబ్బిన వాషరు మిగిలినను చేసిన ఖర్చు వ్యర్థము. ఏ.బి.ఎస్. గల బండియైనచో దాని దిమ్మెను గూడ చూపించుకొనవలెను.

మెకానికులలో మరియొక యలవాటున్నది. విప్పిన భాగములను పెట్రోలుతోనో కిరసనాయిలుతోనో కడుగుదురు. ఇంజనునకది చెల్లును. బ్రేకు రబ్బరునకు చెల్లదు; అవియును ఖనిజ తైలపు సంతతియే. బ్రేకు భాగములను శుద్ధమైన బ్రేకు ద్రవముతోనే కడుగుమని చెప్పుడు. చెప్పుటకు మొగమాట పడవలదు.

డబ్బీలో ద్రవము తగ్గినంతనే పోయుటయు వివేకము గాదు. అది ఊరక తగ్గదు. ప్యాడులు అరిగినకొలది పిస్టను ముందుకు జరిగి, ఆ చోటు నింపుటకు ద్రవము దిగును. ప్యాడులు క్రొత్తవి వేసినపుడు అది తిరిగి పైకి వచ్చును. ప్యాడులు అరుగకయే తగ్గినచో ఎచ్చటనో కారుచున్నదని యర్థము. రెండింటికిని పోయుట మందు గాదు, చూపించుట మందు. మీట స్పంజువలె మెత్తగ దిగుట, వదలిన పిదప చక్రము బిగువుగ తిరుగుట, డిస్కు కడ కాలిన వాసన, ద్రవము నల్లబడుట – వీనిలో నేది కనబడినను ఆ దినమున వెనుక నెక్కవలదు.

ఏమియు చెడకపోయినను, తేమ చేరుట తప్పదు గనుక, చాలమంది బండ్ల తయారీదారులు రెండేండ్ల కొకసారి ద్రవమును మార్చుమందురు. ఈ గడువు మన ప్రాంతమువారు మరచుట కష్టము. సమ్మక్క సారలమ్మల జాతర మేడారమున రెండేండ్ల కొకసారి మాఘమాసమున వచ్చును. కాజీపేటలో రైలు దిగి లక్షలాది జనులు ఆ త్రోవ పట్టుదురు. మన కుర్రవారు ములుగు, తాడ్వాయి మార్గమున, ఇరువురు ముగ్గురు చొప్పున, కిక్కిరిసిన రోడ్డుపై అడుగడుగునకు బ్రేకు నొక్కుచు, మోటారు సైకిళ్లపై పోవుదురు. తల్లులకు బెల్లపు బంగారము తూచి కట్టు ముందే బండి బ్రేకు ద్రవమును మార్పించుడు. జాతర వచ్చినదనగా బ్రేకు గడువు వచ్చినదని ఇంట ఒక వాడుక చేసికొన్నచో లెక్క తప్పదు.

కొనునపుడు ముద్ర విప్పని చిన్న సీసానే కొనుడు. పని ముగిసిన పిదప మిగిలినది మరుసటి యేటికని దాచుకొనవలదు. విప్పిన సీసా దినదినము తేమ పీల్చుచుండును. దుకాణమున తెరచిన డబ్బానుండి చవుకగ పోయుదునన్నను వద్దనుడు. దాని వెల యెంత? కొన్ని కప్పుల చాయ వెల. ప్యాడులు, వాషర్లు, డిస్కు చెడినపుడు పెట్టు ఖర్చుతో పోల్చినచో అది లెక్కలోనిది గాదు. మనుష్యునికి కలుగు గాయముతో దానిని పోల్చనే రాదు.

పెద్దలారా, మీలో పలువురు యంత్రమును విప్పనక్కర లేదు, బండి నడుపనక్కర లేదు. ఒక్క పని చేయుడు. రేపు ఉదయమున ఇంటిముందరి బండి కడ నిలిచి, కుడిచేతి మీట ప్రక్కనున్న డబ్బీ మూతపై నేమి వ్రాసియున్నదో కుర్రవానిచే చదివించుడు. లోన నున్నది అదియేనా యనియు, ఎప్పుడు మార్చినదనియు అడుగుడు. తెలియదని యతడు చెప్పినచో ఆ దినముననే మెకానికు కడకు పంపుడు. ఇంటనున్న ట్రాక్టరు ఆయిలు డబ్బాపై, చదువు రానివారికిని తెలియునట్లు, బండి బ్రేకునకు గాదని యొక ఎఱ్ఱ గుడ్డపేలిక కట్టియుంచుడు.